జ్ఞాపకం చెదిరిన ఇంట దీపావళి

దీపావళికి పది రోజుల ముందు నుంచే ఇల్లు దులపడం మొదలవుతుంది. అటక మీది సామాను కిందికి దిగుతుంది. మంచం ఒక గోడ నుంచి మరొక గోడకు జరుగుతుంది. పాత దుప్పట్ల స్థానంలో కొత్తవి వస్తాయి. తక్కిన వారికి ఇదంతా పండుగ కళ. అల్జీమర్స్ వ్యాధికి లోనైన పెద్దవారికి మాత్రం నిన్నటి దాకా దారి చూపిన గుర్తులన్నీ ఒక్కసారిగా చెరిగిపోవడం. మంచం పక్కన స్టూలు, స్టూలు దాటితే బీరువా, బీరువా దాటితే స్నానాల గది తలుపు అని అలవాటు చొప్పున నడిచే మనిషి, ఆ వరుస మారిన రాత్రి నడవలో దిక్కు తోచక నిలబడిపోతాడు. మరునాడు ఇంట్లో వారు "మామగారికి మరీ ముదిరింది" అనుకుంటారే గాని, తేడా వచ్చింది గదిలోనని ఎవరికీ తోచదు. పెద్దాయన గది ఒక్కటైనా ఆ ఏడాదికి దులపకుండా వదిలివేయడం మంచిది.

జర్మన్ వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ ఈ వ్యాధిని మొదటిసారిగా 1906లో వైద్యుల సభ ముందుంచాడు. మన దేశంలో చాలా కాలం దీనిని వృద్ధాప్యపు చాదస్తంగానే జమకట్టారు. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం, అరవై ఏళ్ళు, ఆ పైబడిన భారతీయులలో నూటికి 7.4 మందికి డిమెన్షియా, అంటే మేధాశక్తి క్షీణించే రుగ్మత, ఉన్నదని అంచనా వేసింది. అంటే సుమారు 88 లక్షల మంది. ఈ రుగ్మతకు గల కారణాలలో అల్జీమర్స్‌దే ప్రథమ స్థానం. వీరిలో అత్యధికులను కనిపెట్టుకుని ఉండేది ఇంటివారే. ఇంటివారంటే ఆచరణలో భార్య, కూతురు, లేదా కోడలు. పండుగ వంట చేసేదీ, వచ్చిన వారికి మర్యాదలు జరిపేదీ కూడా ఆమెయే. అమెరికాలో నాన్సీ మేస్, పీటర్ రాబిన్స్ ఇటువంటి కుటుంబాల కోసం 1981లో ప్రచురించిన పుస్తకానికి 'ముప్పై ఆరు గంటల రోజు' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. దీపావళి నాడు ఆ లెక్క కూడా చాలదు.

ఈ వ్యాధిగ్రస్తులలో చాలామందికి పొద్దువాలే వేళ కలత హెచ్చుతుంది. పగలంతా నెమ్మదిగా ఉన్న మనిషి సందె చీకట్లు ముసిరేసరికి గదులన్నీ తిరుగుతాడు; సొంత ఇంట్లోనే ఉండి "మా ఇంటికి పోతాను" అంటాడు. పగటి అలసట, మసక వెలుతురులో పొడుగయ్యే నీడలు, నిద్రా మెలకువలను నడిపే మెదడు భాగం దెబ్బతినడం ఇందుకు కారణాలని వైద్యులు భావిస్తారు. మన దీపావళి సంబరమంతా సరిగ్గా ఆ వేళకే మొదలవుతుంది. 2018లో సుప్రీంకోర్టు టపాకాయలకు అనుమతించిన సమయం కూడా రాత్రి ఎనిమిది నుంచి పది వరకు. గాలికి ఊగే ప్రమిదల నీడలు, వీధిలో పేలుళ్ళు, పొగ, పిల్లల పరుగులు, బార్లా తెరచిన వీధి తలుపు! పేలింది టపాకాయ అని తెలియాలంటే ఈ రోజు దీపావళి అన్న సంగతి జ్ఞాపకం ఉండాలి. 1947 నాటి అల్లర్లను బాల్యంలో చూసిన వృద్ధులు ఇంకా మన మధ్య ఉన్నారు. నిన్నటివి చెరిగి, పాతవి మాత్రమే మిగిలిన మనసుకు ఆ చప్పుడు ఏమని వినిపించగలదో ఊహించడం కష్టం కాదు.

కనుక పెద్దాయన మట్టుకు పండుగను ఉదయానికి జరపవచ్చు. దక్షిణాది వారికి ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. నరక చతుర్దశి తెల్లవారుజామున తలంటు, కొత్త బట్టలు, నోట మిఠాయి ఉండనే ఉన్నాయి. నెత్తిన చెంబుతో నీళ్ళు గుమ్మరిస్తే బెదిరిపోయే వారు ఉంటారు. అటువంటప్పుడు చేత్తో నూనె రాసి, గోరువెచ్చని తడి బట్టతో తుడిస్తే శాస్త్రానికి వచ్చిన లోపమేమీ లేదు. గంజి పెట్టిన కొత్త పంచె గరుకుగా ఉంటే ఉతికిన పాతదే మేలు. దగ్గరివారు ఇద్దరో ముగ్గురో, ఒక అరగంట. సాయంత్రం కిటికీలు మూసిన లోపలి గదిలో నిలకడగా వెలిగే దీపం, ఆయన ఎరిగిన పాట, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. గుమ్మంలోని ముదురు రంగుల ముగ్గు కొందరికి గోతిలా కనిపిస్తుంది. కళ్ళు బాగానే ఉన్నా, చూసిన దానిని మెదడు పోల్చుకోలేదు. ఇక వీధి తలుపు దగ్గర ఒకరిని కాపలా ఉంచడం, ఫోను నంబరు గల చీటీని చొక్కా జేబులో పెట్టడం ఆ ఒక్క రాత్రికైనా మరువరాదు.

చుట్టాల రాకతో మరో చిక్కు. వచ్చిన ప్రతివారూ ఎదుట నిలిచి "నేనెవరో చెప్పుకోండి చూద్దాం" అంటారు. ప్రేమతోనే అంటారు. సమాధానం తోచని మనిషికి మాత్రం అది నలుగురిలో పరీక్ష తప్పడం. "నేను బాబాయ్, మీ అన్నయ్య కొడుకుని, బొంబాయి నుంచి వచ్చాను" అని తామే చెప్పి కూర్చుంటే ఆ అవమానం తప్పుతుంది. అంతకంటె కష్టమైన ప్రశ్న పెద్దాయన నుంచే వస్తుంది: "మీ అమ్మ ఏదీ? పండుగ పూట ఎక్కడికి పోయింది?" ఆమె పోయి ఏడేళ్ళయిందని నిజం చెబితే, ఆయన ఆ కబురు మొదటిసారిగా విన్నట్టే ఏడుస్తాడు, గంట తర్వాత మళ్ళీ అడుగుతాడు. చనిపోయిన మనిషిని రోజుకు నాలుగుసార్లు చంపడం సత్యవ్రతం అనిపించుకోదు. "అమ్మ దీపావళికి ఏం చేసేది నాన్నా?" అని అడిగితే ఆయనే చెప్పుకుపోతాడు.

ఆ తర్వాత ఆ సంభాషణ ఆయనకు గుర్తుండదు కదా, ఏం లాభం అనేవారు కద్దు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో దీనికి జవాబు ప్రకటించారు. 17 మంది అల్జీమర్స్ రోగులకు విషాద దృశ్యాలను, సంతోష దృశ్యాలను సినిమా తునకలుగా చూపించారు. కొద్ది నిమిషాలలోనే చూసిన సంగతులు చాలావరకు వారి మనసులోంచి జారిపోయాయి. అవి కలిగించిన దుఃఖమూ సంతోషమూ మాత్రం ఆ తర్వాత కూడా నిలిచే ఉన్నాయి. ఎందుకు దిగులుగా ఉన్నదో తెలియదు, దిగులు మాత్రం ఉన్నది! విసుక్కున్న వారిని మరచిపోయినా విసుగు తాలూకు గాయం మిగులుతుందన్న మాట.

విసుగు రాకుండా ఉండాలంటే సేవ చేసే మనిషికి నిద్ర ఉండాలి. ఇక్కడే పండుగ చుట్టాలు తెలియక అన్యాయం చేస్తారు. అల్జీమర్స్ తొలి దశలలోని వారు కొత్తవారి ఎదుట, కొద్దిసేపు, ఆశ్చర్యం గొలిపేంత మామూలుగా ఉండగలరు. నవ్వుతారు, కుశలం అడుగుతారు. చూసినవారు "బాగానే ఉన్నారే, వదినే అనవసరంగా గాబరా పడుతోంది" అని తేల్చి, ఫలహారం చేసి వెళ్ళిపోతారు. రాత్రి రెండు గంటలకు మేలుకుని ఉండేది వదిన. రాకముందే వారికి ఫోను చేసి పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పడం, "సాయం కావాలి" అని ఊరుకోకుండా "శనివారం రెండు నుంచి ఐదు వరకు నాన్న దగ్గర నువ్వు కూర్చో" అని గంటలు చెప్పి అడగడం అవసరం. తొమ్మిది రకాల పిండివంటలకు రెండు చాలు. తక్కినవి అంగడి నుంచి రావచ్చు. మాట వినేవారే లేనప్పుడు 2022లో ప్రారంభమైన టెలి మానస్, 14416 నంబరుపై, కేంద్ర ప్రభుత్వపు ఉచిత సేవ.

పండుగ గడిచేదాకా పడుకోబెడదామని మత్తు బిళ్ళలు వేయడం ప్రమాదకరం. ఉద్రేకాన్ని అణచే కొన్ని మందులు డిమెన్షియా ఉన్న వృద్ధులలో మరణాలను పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. వైద్యుడు చూసి ఇవ్వవలసినవి అవి. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా తికమక పెరిగితే, అది పండుగ అలసట అని సరిపెట్టుకోరాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం వంటి నయం కాగల కారణాలు ఉండవచ్చు.

దీపావళి వెళ్ళిన రెండో నాడు భగినీ హస్త భోజనం. అన్నదమ్ములు ఆడపడుచు ఇంటికి వెళ్ళి ఆమె చేతి వంట తినే రోజు. తండ్రిని చూసుకునేది ఆ ఆడపడుచే అయిన ఇంట్లో, వడ్డన కాగానే ఆమె లోపలి గదిలో తలుపు వేసుకుని పడుకోవచ్చు. తండ్రి చేయి కడగడం, "మీ అమ్మ ఏదీ" అంటే జవాబు చెప్పడం, దీపాల వేళ దాకా వెంట తిరగడం ఆ పూటకు అన్నగారి వంతు.