నూతిలో వదలిన చేప



క్రిందటి యేడు వర్షకాలమున మా చిన్నమ్మాయికి చలిజ్వరము తగిలినది. దినము విడిచి దినము వణకు వచ్చెడిది. రెండు కంబళ్లు కప్పినను పండ్లు టకటక కొట్టుకొనెడివి. కొంతసేపటికి వణకు తగ్గి దేహము పెనమువలె కాలెడిది. వైద్యులు నెత్తురు పరీక్షించి మలేరియా అని తేల్చిరి. జ్వరము దిగినను మందు నడుమ మానరాదని చెప్పి పదునాలుగు దినములకు మాత్రలిచ్చిరి. ఒక్కపూటయైనను తప్పక మ్రింగించితిని. దైవకృపచే బిడ్డ కోలుకొన్నది.

ఆ దినములలో ఒకనాటి ఉదయమున పెరటినూతిలో నీరు చేది, బొక్కెనలోనికి తేరిపార చూచితిని. సూదిమొనలవంటి సన్నని పురుగులు నీటిమట్టమునకు సమముగా పరుండియుండెను. మలేరియాను మోయు దోమ పిల్లలు ఆ విధముగనే పరుండును. తక్కిన దోమల పిల్లలు తలక్రిందులుగా వ్రేలాడును. దొంగ ఎక్కడినుండియో వచ్చెనని వీధి తలుపు వేసికొనుచుంటిమి గాని, వాడు మా నూతిలోనే పెరుగుచుండెనని నాకప్పుడు తెలిసినది.

దోమకును ఈ జ్వరమునకును గల చుట్టరికము మన తెలుగునేల మీదనే బయల్పడినది. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డు రాస్ అను సైనికవైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. రెక్కలు వచ్చిన దోమను పట్టుట కష్టము. నీటిలో నుండగనే దానిని తుదముట్టించుట మేలు. అందులకు ఏర్పడిన ఉపాయములలో చేప యొకటి.

ఆ చేప పేరు గంబూషియా. దాని పుట్టినిల్లు అమెరికా సంయుక్తరాష్ట్రముల దక్షిణభాగము. 1928లో ఇటలీదేశమునుండి మన దేశమునకు తెచ్చిరి. ఆడుచేపయే చిన్నది, మగది అంతకంటెను చిన్నది. నోరు పైకి తిరిగియుండుటచే నీటిపైని పురుగును ఇట్టే అందుకొనును. ఎదిగిన చేప దినమునకు నూరు మొదలు మూడువందలవరకు దోమపిల్లలను తినునని ఆరోగ్యశాఖవారి లెక్క. గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును గనుక సంతతి త్వరగా పెరుగును.

మావారు బడిపని మీద పట్టణమునకు పోయినప్పుడు ఇరువది చేపలను డబ్బాలో వేసికొని వచ్చిరి. డబ్బానీటికిని నూతినీటికిని చల్లదనము సమమగువరకు ఆగి, మెల్లగా నూతిలో వదలితిమి. మూడువారములకు బొక్కెనలో ఒక్క పురుగైనను కానరాలేదు. ఇరుగుపొరుగు వదినెగార్లు వచ్చి చూచి, తమ నూతులకును కావలయుననిరి. నేను గర్వపడితిని.

అంతలో మా చిన్నమ్మాయి, తల్లికి చెప్పకయే, నాలుగు చేపలను చేది పెరటిలోని కలువతొట్టెలో వేసినది. ఆ తొట్టె దాని ప్రాణము. అందులో ఊరి చెరువునుండి తెచ్చిన పరిగెపిల్లలు ఆరు, తోకకప్పలు లెక్కకు మిక్కిలి, అడుగున తూనీగ పురుగులును ఉండెడివి. పదిదినములు తిరుగుసరికి తోకకప్పలు మాయమైనవి. పరిగెపిల్లలలో నాలుగు చచ్చి తేలినవి, మిగిలిన రెంటికి రెక్కలును తోకలును కొరికివేయబడి యుండెను. బిడ్డ ఏడ్చుచు వచ్చి, “అమ్మా, మంచిచేప అని నీవే కదా అంటివి?” అని అడిగినది. నాకు మారుమాట తోచలేదు.

చిన్ననాడు మా తండ్రిగారు చెప్పిన పంచతంత్రములోని గంగదత్తుని కథ అప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చినది. గంగదత్తుడు ఒక నూతిలోని కప్పలరాజు. దాయాదుల బాధ పడలేక ప్రియదర్శనుడను పామును తానే పిలిచి నూతిలోనికి తెచ్చెను. పాము మొదట దాయాదులను తినెను. వారు ముగిసిన పిమ్మట, “నన్ను తెచ్చినవాడవు నీవు. ఆహారము చూపవలసినవాడవును నీవే” అని గంగదత్తుని బంధువులను తిని, తుదకు కొడుకైన యమునాదత్తునిగూడ మ్రింగెను. పాము మాట తప్పినదనుట న్యాయము కాదు. అది తన స్వభావమును విడువలేదు. స్వభావమును విచారింపక పిలిచినవానిదే తప్పు. గంబూషియా సంగతియు అంతియే. దాని నోటికి దోమపిల్ల, కప్పపిల్ల, ఇతర చేపల గ్రుడ్డు అను భేదము లేదు. దోమపిల్లలను తిని మనకు మేలుచేయు తూనీగ పురుగును సైతము అది విడువదు. 2000వ సంవత్సరమున అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారి నిపుణులు ప్రకటించిన, మిక్కిలి హానిచేయు నూరు పరదేశజీవుల పట్టికలో దీని పేరు చేరినది.

ఈ చిక్కు మంచినీటికే పరిమితము కాదు. గాజుతొట్టెలలో కడలినీరు నింపి పగడపుజీవులను పెంచువారు విదేశములలో అనేకులు కలరు. రాతితో కూడ వచ్చిన అయిప్టేసియా అను చిన్న కడలిపువ్వు ఆ తొట్టెలలో కలుపువలె వ్యాపించి పగడములను కుట్టును. పేరునకు పువ్వే గాని అది జంతువు. త్రుంచివేసినచో మిగిలిన తునకనుండి మరల మొలచును. దానిని తినుటకు పొడవుముక్కు గల సీతాకోకచిలుకచేపను వదలుదురు. ఒక చేప కలుపును తిని తొట్టెను కాపాడును. అదే జాతిలోని మరియొక చేప కలుపును మూతితోనైనను ముట్టక తొట్టెలోని మేలిజీవులను కొరుకును. కలుపు తీరిన పిదప వేరు ఆహారము నేర్వక ఆకలిచే చచ్చునదియు కలదు. నూతియైనను గాజుతొట్టెయైనను విచారింపవలసినది ఒక్కటే: ఇది శత్రువును తినునా అని మాత్రమే గాక, శత్రువు తీరినపిమ్మట ఏమి తినును అనియు అడుగవలయును.

ఇంతలో మావారు బడిపిల్లలచేత ఊరి చెరువులో గంబూషియాలను వదలింపవలెనని సంకల్పించిరి. నేను వలదంటిని. “కప్పపిల్లలకొరకు మనుష్యుల పిల్లలను జ్వరమునకు అప్పగింతుమా?” అని వారు నిలదీసిరి. ఆ మాట తేలికైనది కాదు. వణకుచున్న బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చున్నదానను నేనే గదా! “అప్పగింపవలదు. కాని నూతికి గోడ కలదు, చెరువునకు లేదు. వానలు పొంగినప్పుడు చెరువునీరు కాలువలో పడును, కాలువ శారదానదిలో పడును. నూతిలోని చేప చెడుగు చేసినచో చేది పారవేయవచ్చును. నదిలో చేరినదానిని ఎవరు పట్టగలరు?” అంటిని. వారు చాలసేపు ఊరకుండి, “అయినచో చెరువుదోమకు నీ మందేమి?” అనిరి.

మందు మా వీధికి చేపలు తెచ్చు ముసలమ్మ చెప్పినది. “అమ్మా, పైదేశపు చేప ఎందుకు? మన చెరువులో పురుగు తినే చేపలు లేవా? గట్టునిండా గుర్రపుడెక్క పెరిగితే అవి ఒడ్డుకెలా వస్తాయి?” అని ఆమె నవ్వినది. చూడగా నిజమే. నెత్తిన వెండిచుక్కవలె మెరయు మచ్చగల చిన్నచేప మన చెరువులలో, కాలువలలో అనాదిగా నున్నది. అది నీటిపైనే తిరుగుచు దోమపిల్లలను ఏరి తినును. డెక్క అల్లుకొన్నచోట దానికి దారి లేదు, దోమకు మాత్రము నీడ కలదు. ఒక ఆదివారమున మావారును, బడిలోని పెద్దపిల్లలును, వీధిలోని మగవారును కలిసి ఒక గట్టు పొడవున డెక్కను లాగివేసిరి. నెలకు ఆ గట్టున పురుగులు బాగుగా తగ్గినవి. లాగని గట్టున ఎప్పటివలెనే యున్నవి. పని సగమే యయినదని ఒప్పుకొందును. కాని దారి తెలిసినది.

నే నేర్చికొన్నదానిని మీకు క్లుప్తముగా విన్నవింతును.

కాలువతోగాని చెరువుతోగాని పొత్తులేని నూతిలో, సిమెంటు తొట్టెలో చేపను ఉంచవచ్చును. చుక్కచేప దొరికినచో అదియే మేలు. బ్లీచింగుపొడి చల్లినవెంటనే చేపను వదలరాదు, చచ్చును. చేపయున్నంత మాత్రమున నీరు శుద్ధమైనదని భావింపరాదు. త్రాగునీటిని కాచియే త్రాగవలయును.

చెరువులో, కాలువలో పైదేశపు చేపను వదలరాదు. గట్టు శుభ్రపరచి, ఉన్న చేపకు దారి చూపవలయును.

కుండ, కొబ్బరిచిప్ప, పూలకుండీ క్రింది పళ్లెము, ఎయిర్‌కూలరు మొదలగువానిలో చేప బ్రతుకదు. డెంగూజ్వరమును తెచ్చు దోమ అట్టి తావులనే కోరును. గ్రుడ్డు దోమయగుటకు వారము పదిదినములు పట్టును. కావున వారమున కొకమారు వానిని వంపి, లోపలి అంచును పీచుతో గట్టిగా తోమి ఆరబెట్టవలయును. అంచుకు అంటిన గ్రుడ్లు తడిలేకున్నను నెలల తరబడి చావవు. శుక్రవారమున ఇల్లు కడుగు అలవాటు మనకున్నదే. ఆ చేతితోనే ఈ పనియు ముగించినచో మరపు రాదు.

మా నూతిలోని చేపలు నూతిలోనే యున్నవి. కలువతొట్టెలోని నాలుగింటిని మా అమ్మాయియే వెదకి పట్టి నూతికి చేర్చినది. ఈ యేడు తొలివానకు తొట్టెలో కప్ప మరల గ్రుడ్లు పెట్టినది. బిడ్డ ప్రొద్దుట లేచి మొదట నూతిలోనికి, పిదప తొట్టెలోనికి తొంగిచూచుచున్నది. మీరును ఈ నెల మీ యింటి నీటిని ఒకమారు అట్లే తొంగిచూడుడు.