నవంబరు మొటిమలు, డిసెంబరు పలకరింపులు

బోటనీ డౌన్స్‌లోని మన ఇండ్లలో నవంబరు వచ్చిందంటే ఎన్.సి.ఇ.ఎ. పరీక్షల హడావుడి. అవి ముగిసీ ముగియకముందే సూట్‌కేసుల తూకాలు మొదలవుతాయి. డిసెంబరులో హైదరాబాదు చేరిన పదహారేళ్ళ పిల్ల చెవిన పడే మొదటి మాట: “ఇదేమిటే అమ్మా, ముఖమంతా ఇలా అయింది? నల్లబడ్డావు కూడా!” ప్రేమతో అన్న మాటే, కాదనను. కాని దానికి శాస్త్రం చెప్పే సమాధానం ఒకటి ఉన్నది.

పిండదశలో మెదడు, నాడీమండలం, చర్మపు పైపొర ఒకే కణపొర నుండి రూపొందుతాయి. ఆ చుట్టరికం జీవితాంతం తెగదు. మనస్సు కలత చెందినపుడు మెదడు ప్రేరణతో అధివృక్క గ్రంథులు కార్టిసాల్‌ను స్రవిస్తాయి. చర్మం తేమను నిలుపుకొనే శక్తి తగ్గుతుంది. గాయాలు ఆలస్యంగా మానుతాయి. 1995లో అమెరికాలో, మతిభ్రంశం పొందిన బంధువులకు సేవ చేస్తున్న 13 మంది స్త్రీల చేతిపై చిన్న గాయం చేసి చూడగా, అది మానడానికి ఇతరులకంటె సుమారు 9 రోజులు అధికంగా పట్టింది. 2003లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 22 మంది విద్యార్థులను పరీక్షల వేళ పరిశీలించారు. నిద్ర, ఆహారాలలోని మార్పులను లెక్కలోనికి తీసుకొన్న పిదప కూడ, ఒత్తిడి పెరిగిన వారిలో మొటిమలు ఉధృతమైనట్లు తేలింది.

మన చామనఛాయ చర్మానికి మరొక చిక్కు. మొటిమ మానినా ఆ చోట మెలనిన్ అధికంగా చేరి, నల్లమచ్చ నెలల తరబడి నిలుస్తుంది. పైగా ఇక్కడి వేసవిలో అతినీలలోహిత సూచిక 11 దాటడం సామాన్యం. కనుక అత్తయ్య చూసినది పిల్ల నిర్లక్ష్యాన్ని కాదు, ఆమె వ్రాసిన పరీక్షలను.

పలకరింపు తరువాత వచ్చేది ట్యూబు. అందులో బెటామెథసోన్ వంటి బలమైన స్టిరాయిడ్ ఉంటే, ముఖం వారంలోనే తేటపడినట్లుంటుంది. నెలల తరబడి పూస్తే చర్మం పలుచబడుతుంది. ఆపగానే ఎఱ్ఱదనం, మొటిమలు తిరగబెడతాయి. న్యూజీలాండులో వైద్యుని చీటీ లేనిదే దానిని ఇవ్వరు. అటువంటిది మన సూట్‌కేసులలో బిస్కట్లతోపాటు తిరిగివస్తున్నది!

నా దృష్టిలో ఆ ట్యూబుకంటె మాటే ఎక్కువ హాని చేస్తుంది. మాట పడిన పిల్ల అద్దం ముందు మొటిమలను గిల్లుతుంది, ఫొటోలకు రానంటుంది, నిద్ర మానుతుంది. మళ్ళీ ఒత్తిడి, మళ్ళీ మొటిమ. మగపిల్లలు పైకి చెప్పరు, అంతే తేడా. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ సైతం 2020లో పేరు మార్చుకొన్నది. మన పలకరింపు మారలేదు.

చేయవలసినది కొంచెమే: ఘాటులేని సబ్బు, తేమనిచ్చే లేపనం, పగటిపూట సన్‌స్క్రీన్, గిల్లకుండుట, కంటినిండా నిద్ర. గుంటలు పడుతుంటే వైద్యుని చూడాలి. “చదువుకో, అవే పోతాయి” అని మా అమ్మాయితో కొట్టిపారేసిన తండ్రిని నేను. ఆ గుంటలు పోలేదు.

అందుకే క్రిందటి ప్రయాణానికి ముందు మా అక్కయ్యకు ఫోను చేసి, ముఖం సంగతి ఎత్తవద్దని కోరాను. ఆమె కొంత నొచ్చుకొని, “మరి ఏమని పలకరించనురా?” అన్నది. ఆకలి వేస్తున్నదా అని అడగమన్నాను. పరీక్షలు ఎలా వ్రాశావని మాత్రం అడగవద్దన్నాను.