రేకు వేసే ఇంటికి లాభమేదీ?

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి జిల్లా ప్రజలకు తెలిసినదే. ఊరి పేరు చూసి కొనేవారున్నారు, దూరప్రాంతాలకు పార్సిళ్లు వెళుతున్నాయి. సంతోషించదగిన విషయమే. అయితే కుండ ముందు కూర్చుని రేకులు వేసే మహిళలకు ఇందులో దక్కుతున్నదేమిటో ఆలోచించవలసి ఉంది.

బియ్యం నానబెట్టి పలుచగా రుబ్బుతారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరి కమ్మలు మండించి, పిండిలో ముంచిన గుడ్డను కుండపై లాగితే రెప్పపాటులో రేకు వస్తుంది. చూడటానికి సులువే. గంటల తరబడి ఆ సెగలో, పొగలో కూర్చున్నవారికే దాని కష్టం తెలుసు. ఈ రేకులను వంద ఇంతకని దుకాణాలకు అమ్ముతారు. నెయ్యి, పంచదార లేక బెల్లం చేరి పెట్టెలోకి వెళ్లాక ధర వేరు. పెరిగిన ఆ విలువలో రేకు వేసిన ఇంటికి వాటా లేదు.

దుకాణదారును నిందించి ప్రయోజనం లేదు. నెయ్యి ఖరీదు, అద్దె, అమ్ముడుపోని సరుకు నష్టం అతనే భరిస్తున్నాడు. లోపం లెక్కలో ఉంది. ఒక ఇల్లాలు రోజుకు 500 రూపాయల రేకులు అమ్మిందనుకుందాం. బియ్యానికి, వంటచెరకుకు 150 పోగా 350 మిగిలిందని సంతోషిస్తుంది. నిజానికి అది లాభం కాదు, ఆమె కూలి. కుండ పగిలితే కొత్తది కొనడానికి గాని, జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకుంటే ఇల్లు గడవడానికి గాని అందులో పైసా లేదు. కూలి కూడా ఖర్చులో కట్టి, ఆపైన ధర అడిగినప్పుడే అది వ్యాపారమవుతుంది.

నలుగురైదుగురు కలిసి తామే చుట్టి అమ్ముకోవచ్చు కదా అనేవారున్నారు. అమ్ముకోవచ్చు. కాని నెయ్యి ఈవేళ కొనాలి, డబ్బు పండుగ వెళ్లాక వస్తుంది. ఈ నడిమి రోజులకు చేతిలో సొమ్ము లేకనే చిన్న పరిశ్రమలు మూతపడుతుంటాయి. షెడ్డు, యంత్రం కంటికి కనిపిస్తాయి కనుక వాటికి అప్పు పుడుతుంది. నెయ్యి డబ్బాకు పుట్టదు. 2020లో కేంద్రం ప్రారంభించిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో 35 శాతం సబ్సిడీయే గాక, స్వయం సహాయక సంఘాల్లో ఆహార పదార్థాలు తయారుచేసే ఒక్కో సభ్యురాలికి 40,000 రూపాయల వరకు తొలి పెట్టుబడి కూడా ఏర్పాటు చేశారు. అది సరిగ్గా ఈ లోటు కోసమే. ఆ సొమ్ము ఎన్ని కుండల దాకా చేరిందో అధికారులు గ్రామసభలో చదివి వినిపించాలి.

అరువు మరొక పీడ. 2006 నాటి చట్టం ప్రకారం చిన్న తయారీదారు బాకీని, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులకు మించి ఆపరాదు. ఆపితే వడ్డీతో చెల్లించాలి. ఆ చట్టాన్ని ఆశ్రయించాలంటే ఉద్యమ్ నమోదు ఉండాలి. దానికి రుసుము లేదు, దళారికి వందలు సమర్పించుకోనక్కరలేదు. ఈ మాట ఇంటింటికీ చెప్పే నాథుడు లేడు.

భౌగోళిక గుర్తింపును పెట్టెపై వాడుకోవడానికి కూడా విడిగా పేరు నమోదు చేయించుకోవలసి ఉంటుంది. సంక్రాంతి ఆర్డర్లు మొదలయ్యే లోపల రేకు వేసే మహిళల పేర్లు ఆ జాబితాకెక్కేలా మండల అధికారులు, తయారీదారులు పూనుకోవాలి.