పంపని ఉత్తరాలు: కొరియా, జపాను ప్రేమచిత్రాలు

కొరియా ప్రేమకథల ప్రస్తావన వచ్చేసరికి తెలుగునాట నేడు రెండు పక్షాలు కనబడుతున్నవి. పిల్లలు తెల్లవార్లూ సెల్‌ఫోను ముందు కూర్చుండి ఆ ధారావాహికలు చూచి, నాలుగు కొరియా మాటలు కూడా నేర్చుకొని, మరునాడు ఎర్రబారిన కన్నులతో కళాశాలకు వస్తున్నారు. పెద్దలు ఆ సంబరమంతా చూచి, ఇదొక వేలంవెర్రి అని పెదవి విరిచి ఊరుకొంటున్నారు. ఇరుపక్షాలవారికీ సామాన్యంగా పట్టని విషయం ఒకటున్నది. ఆ కొరియాలోను, దాని పొరుగున ఉన్న జపానులోను ప్రేమను గురించి వెలువడిన ఉత్తమ సృష్టిని ధారావాహికలలో గాక, రెండు గంటలలో ముగిసే చలనచిత్రాలలో వెదకవలెను. పదహారు భాగాలు చూచే ఓపిక గలవారికి రెండు గంటలు లెక్క కాదు. నిందించే పెద్దలు సైతం ఒక్క చిత్రమైనా చూచి ఆ తరువాత నిందించడం న్యాయం.

చూచినవారు ఈ చిత్రాలకు ఇచ్చే కితాబు ప్రాయికంగా ఒకటే. వాటిలో ప్రేమ నోరు విప్పదట. చూపుతో, వానతో, మంచుతో సరిపెట్టుకొంటుందట. ఈ మాట అబద్ధం కాదు గాని సగం నిజం. రసాన్ని దాని పేరు పెట్టి చెప్పడం దోషమని మమ్మటుడు కావ్యప్రకాశంలో ఏనాడో నిర్ణయించినాడు. శృంగారం, శృంగారం అని పదిసార్లు పలికినంత మాత్రాన శృంగారం పుట్టదు. అది వ్యంగ్యం కావలెనే గాని వాచ్యం కారాదు. కాని ఆ కట్టడి కవికి విధించినది, నాయకునికి విధించినది కాదు. కవి మౌనం గుణమే. ప్రేమించినవాని మౌనం కూడా గుణమేనా? ఎదుటిమనిషి జీవితం తన మాట మీద ఆధారపడి ఉన్నప్పుడు పెదవి బిగించి కూర్చున్నవానిని ధీరోదాత్తుడనవలెనా, పిరికివాడనవలెనా? ఆ రెండు దేశాల చిత్రాలలో చూడదగినవి ఏవంటే, దర్శకుడు తాను మౌనం వహించి, తన పాత్రల మౌనాన్ని మాత్రం బోనులో నిలబెట్టినవి.

1998లో వచ్చిన ‘క్రిస్మస్ ఇన్ ఆగస్ట్’ అనే కొరియా చిత్రం ఇందుకు మొదటి సాక్షి. దర్శకుడు హర్ జిన్ హో. గున్‌సాన్ అనే రేవుపట్టణంలో చిత్రీకరించిన ఈ కథలో జంగ్ వన్ ఒక చిన్న ఫోటో స్టూడియో నడుపుకొంటూ ఉంటాడు. ముప్ఫైలు దాటినవాడు, నయం కాని జబ్బు ఉన్నవాడు. జబ్బు పేరును దర్శకుడు పట్టించుకోడు, ఆసుపత్రి మంచం చుట్టూ ఏడ్పులు పెట్టడు. రోడ్డుమీద అడ్డంగా నిలిపిన కార్లకు జరిమానా చీటీలు వ్రాసే దారిమ్ అనే అమ్మాయి, ఆ ఫోటోలు కడిగించుకోవడానికి అతని దుకాణానికి వస్తూ పోతూ ఉంటుంది. ఎండవేళ వచ్చి పంకా క్రింద కూర్చుంటుంది, ఐస్‌క్రీము తింటుంది, పరిహాసాలాడుతుంది. ఇంతకు మించి అక్కడ ప్రణయఘట్టమనేది లేదు.

ఆ చిత్రంలో మరువరాని సన్నివేశం ప్రేమకు సంబంధించినదే కాదు. ఒక ముదుసలి తన కుటుంబంతో వచ్చి ఫోటో తీయించుకొంటుంది. ఆ సాయంకాలమే చక్కని బట్టలు కట్టుకొని ఒంటరిగా మళ్లీ వస్తుంది. తన అంత్యక్రియలనాడు పెట్టే పటానికి మంచి ఫోటో కావలెనట. జంగ్ వన్ నవ్వుతూ, ఆమెను నవ్విస్తూ ఆ ఫోటో తీస్తాడు. కొన్నాళ్లకు తన దుకాణంలో తానే కెమెరా ఎదుట కూర్చుండి, తన ముఖాన్ని తానే తీసుకొంటాడు. ఆ నవ్వుముఖం క్రమంగా చావుపటంగా మారుతుంది. ఒక్క మాట లేదు. మమ్మటుని సూత్రానికి ఇంతకంటె మంచి ఉదాహరణ తెరమీద దొరకడం కష్టం.

అంతవరకు కవి మౌనం. ఇక నాయకుని మౌనం సంగతి. తాను పోయిన తరువాత వీడియో యంత్రాన్ని ఎట్లా నడపవలెనో తండ్రికి నేర్పబోతాడు. ముసలాయనకు అది ఎంతకూ పట్టుబడదు. కొడుకు విసుక్కొని లేచిపోయి, ఆ తరువాత ఏ మీట తరువాత ఏ మీట నొక్కవలెనో వరుసగా కాగితం మీద వ్రాసి పెడతాడు. దుకాణంలోని యంత్రానికి కూడా అట్లాంటి పాఠమే వ్రాస్తాడు. ఇంతటి ముందుచూపు గలవాడు దారిమ్‌కు మాత్రం చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లిపోతాడు. ఆమె రోజూ వచ్చి మూసిన తలుపు చూచి పోతుంది, ఉత్తరం వ్రాసి తలుపు సందున దూరుస్తుంది, చివరకు ఒకనాటి రాత్రి రాయి తీసి ఆ అద్దాన్ని పగులగొడుతుంది. అతడు తిరిగివచ్చి ఉత్తరం చదువుకొంటాడు, జవాబు వ్రాస్తాడు, దాన్ని పంపడు. ఒక కాఫీ దుకాణం కిటికీ వెనుక కూర్చుండి, వీధిలో పని చేసుకొంటున్న ఆమె రూపాన్ని అద్దం మీద వ్రేలితో తడుముతాడు.

దీన్ని త్యాగమని పొగడినవారు చాలామంది ఉన్నారు. తన చావును ఆమె మీద మోపలేదు గదా అని వారి వాదం. కాని ఆ పగిలిన అద్దాన్ని దర్శకుడు ఊరకే పెట్టలేదు. తనకు జరిగినదేమిటో తెలుసుకొనే హక్కు ఆమెకు లేదా అని ఆ రాయి అడుగుతున్నది. ఆ ప్రశ్నకు చిత్రం జవాబు చెప్పదు. చలికాలంలో దారిమ్ మళ్లీ వచ్చి, దుకాణం అద్దాలలో తన ఫోటో చూచుకొని నవ్వి వెళ్లిపోతుంది. ఆ నవ్వు చూచి ప్రేక్షకునికి ఊరట కలుగుతుంది. ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే ఆమెకు తెలిసినది ఎంత తక్కువో స్ఫురించి గుండె బరువెక్కుతుంది.

జపానులో ఇవాయ్ షుంజి తీసిన ‘లవ్ లెటర్’ దీనికి మూడేండ్లు ముందటిది, 1995 నాటిది. 1910 నుండి 1945 వరకు జపాను ఏలుబడిలో నలిగిన కొరియా, ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు జపాను చిత్రాలను తన థియేటర్లలోకి రానీయలేదు. 1998లో ఆ తలుపు కొంచెం తెరుచుకొన్నది. 1999లో లోపలికి వచ్చిన ఈ చిత్రాన్ని కొరియా ప్రేక్షకులు విరగబడి చూచినారు. పాలించిన జాతిమీది కోపం ఆ చీకటి హాలులో ఏమైనదో గాని, మంచుకొండకేసి తిరిగి చనిపోయినవాని క్షేమం అడిగే ఒక జపాను యువతి కేక ఆ దేశంలో ఇంటింటి మాట అయినది.

ఆ యువతి పేరు హిరోకో. ఉండేది కోబె నగరంలో. కాబోయే భర్త ఫుజీ ఇత్సుకి పర్వతారోహణలో మరణించినాడు. అతడు చిన్నప్పుడు ఒటారు అనే ఉత్తరాది ఊరిలో ఉన్న ఇంటి చిరునామా దొరికితే, ఎవరికీ చేరదులే అనుకొని ఆమె ఒక ఉత్తరం వేస్తుంది. దానికి జవాబు వస్తుంది! అదే పేరు గల అమ్మాయి ఒకతె ఆ ఊరిలో ఉన్నది. పాఠశాలలో అతనితో ఒకే తరగతి. హిరోకో, ఆ అమ్మాయి ఒకే పోలికలో ఉంటారు. రెండు పాత్రలనూ నకయమ మిహోయే ధరించినది. ఈమె 2024 డిసెంబరులో మరణించినది. ఉత్తరాలు నడుస్తున్నకొద్దీ, ఆ కుర్రవాడు పాఠశాల గ్రంథాలయంలో ఎవరూ చదవని పుస్తకాలు తీసుకొని, వాటి చీటీల మీద తన పేరు వ్రాస్తూ ఉండేవాడని తెలుస్తుంది. అది తన పేరా, ఆమె పేరా?

కథ చివర ఆ చీటీలలో ఒకదాని వెనుక అతడు గీసిన ఆమె ముఖచిత్రం బయటపడుతుంది. అప్పటికి అతడు లేడు. పాఠశాల పిల్లలు చూస్తుండగా సిగ్గుపడి దాన్ని జేబులో దాచుకొందామంటే, ఆమె తొడుక్కొన్న బట్టకు జేబే లేదు. ఈ చిన్న ఇబ్బందికి ప్రపంచమంతా కంట తడి పెట్టుకొన్నది. సరే. కాని దర్శకుడు ఇంకొక లెక్క కూడా చూపినాడు. దాన్ని చాలామంది విస్మరిస్తారు. ఆ కుర్రవాడు బాల్యంలో నోరు విప్పకపోవడానికి మూల్యం చెల్లించినది ఎవరు? హిరోకో. తొలిచూపులోనే ప్రేమించానని తనతో అన్నవాడు, నిజానికి తనలో ఇంకొకరి పోలికను ప్రేమించినాడేమో అనే అనుమానంతో ఆమె మిగిలిపోవలసి వచ్చినది. పెండ్లి అడిగే వేళ సైతం అతడు ఉంగరం చేత బట్టుకొని మాట పెగలక కూర్చుంటే, ఆమెయే నోరు తెరచి అడిగినదట. కవిత్వం మాటున ఎంత కఠినమైన తీర్పు!

మౌనానికి ఇంకా మొరటు రూపం చూడదలచినవారు వెనుకకు, 1955కు పోవలెను. హయాషి ఫుమికో నవల ఆధారంగా నరూసె మికియో తీసిన ‘ఫ్లోటింగ్ క్లౌడ్స్’లో యుకికో యుద్ధకాలంలో ఇండోచైనాలో కలిసిన వివాహితుడైన అడవిశాఖ ఉద్యోగి తొమియోకాను, ఓడిన జపానులో మళ్లీ వెదుక్కొంటూ వస్తుంది. అతడు రమ్మనడు, పొమ్మనడు. తేల్చి చెప్పకపోవడమే అతని జీవనవిధానం. చిట్టచివర యాకుషిమా దీవిలో, కుండపోత వానలో, ఆమె చనిపోయిన తరువాత దీపం దగ్గరకు తెచ్చి ఆ పెదవులకు రంగు వేసి భోరున ఏడుస్తాడు. బ్రతికి ఉన్నప్పుడు చేయవలసినది చచ్చినాక చేయడం! తకమినె హిదెకో నటన కోసం మాత్రమే ఈ చిత్రాన్ని రెండుసార్లు చూడవచ్చును.

2003 నాటి జపాను చిత్రం ‘జోసే, ద టైగర్ అండ్ ద ఫిష్’ కూడా ఆ కోవలోనిదే గాని అందులో నిజాయితీ ఎక్కువ. నడవలేని అమ్మాయి, ఆమెను పసిపిల్లల తోపుడుబండిలో కూర్చుండబెట్టి త్రిప్పే ముసలమ్మ, వారికి తటస్థపడిన ఒక విద్యార్థి. కలిసి ఉంటారు, విడిపోతారు. విడిపోవడానికి కారణాలు ఎన్నో చెప్పవచ్చును గాని, నిజానికి తాను పారిపోయినానని ఆ యువకుడు తనకు తానే ఒప్పుకొని నడివీధిలో నిలబడి ఏడుస్తాడు. జోసే మాత్రం తన వంట తాను చేసుకొంటూ ఉంటుంది. దర్శకుడు ఇనుదో ఇష్షిన్ ఆమెను జాలికి అప్పగించలేదు. దీనిని కొరియావారు 2020లో మళ్లీ తీసినారు. చూస్తే మొదటిదే చూడవలెను.

ఇంతకూ మాట్లాడితే సరిపోతుందా? సరిపోదని హర్ జిన్ హోయే 2001లో ‘వన్ ఫైన్ స్ప్రింగ్ డే’లో చూపినాడు. వెదురుపొదలలో గాలిని, ఏటి సవ్వడిని యంత్రంలో పట్టే యువకుడు, రేడియోలో పనిచేసే స్త్రీ. అన్నీ మాట్లాడుకొంటారు, అయినా ప్రేమ వాడిపోతుంది. ఈ చిత్రాన్ని, నిజానికి ఈ జాతి చిత్రాలన్నింటిని, అనువాద గాత్రంతో చూడడం పాపం. తెరక్రింది అక్షరాలు చదవడానికి బద్ధకించేవారికి గాలి చప్పుడు కూడా దక్కదు.

ఈ రెండు దేశాల ప్రేమచిత్రాలన్నీ గొప్పవని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. జ్ఞాపకశక్తి పోయిన నాయిక, నెత్తురు కక్కే నాయకుడు, చివరి పావుగంటలో గొడుగులేని వాన: ఈ సరుకు అక్కడ కొల్లలుగా తయారవుతున్నది. రోగాన్ని తెచ్చి కంటినీరు పిండుకోవడం తెలుగు ప్రేక్షకునికి క్రొత్త విద్య కాదు గనుక, అందుకోసం సముద్రాలు దాటనక్కరలేదు.

పార్క్ చాన్ వుక్‌కు 2022లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుని బహుమతి తెచ్చిన ‘డిసిషన్ టు లీవ్’ ఈ ప్రశ్నను ముందుటివారందరికంటె వాడిగా అడిగినది. భర్త కొండమీది నుండి పడి చనిపోతే, చైనా నుండి వచ్చిన భార్య సో రేను పోలీసు అధికారి హే జున్ విచారిస్తాడు. ఆమెది నేరమని తెలిసిననాడు, తన వృత్తిగౌరవం తన చేతులతోనే కూలిపోయినదని ఆమెతో చెప్పి, సాక్ష్యమైన ఫోనును సముద్రంలో పారవేయమని వెళ్లిపోతాడు. కొరియా భాష అంతగా రాని ఆమె ఆ మాటకు అర్థం నిఘంటువులో వెదుక్కొంటుంది. ఆ మాటలను యంత్రంలో దాచుకొని మళ్లీ మళ్లీ వింటుంది. ప్రేమిస్తున్నానని మీరన్నారు గదా అని తరువాత ఎప్పుడో ఆమె అంటే, అతడు నిజంగా ఆశ్చర్యపడి, ఎప్పుడన్నాను అని అడుగుతాడు. ఆ పదం అతని నోట రాలేదు. వ్యంగ్యం ఆమెకు తెలిసినది, పలికినవానికే తెలియలేదు! సహృదయుడు వినేవారిలో ఉంటాడని ఆలంకారికులు చెప్పినారు గాని, వక్తయే సహృదయుడు కాకపోతే ఏమవుతుందో వారు ఊహించలేదు. ఏమవుతుందో పోటెత్తే సముద్రపుటొడ్డున ఆమె తవ్వుకొన్న గోతిలో తెలుస్తుంది. ఆమె ఉన్న ఇసుక మీదనే తిరుగుతూ, ఆమెను పేరు పెట్టి పిలుస్తూ వెదకే ఆ అధికారి గొంతు చిత్రం ముగిసినా చెవిని వదలదు.

వీటన్నిటి తరువాత చూడవలసినది ఒక చిన్న చిత్రం. 2019లో బుసాన్ చలనచిత్రోత్సవం చివరినాడు ప్రదర్శించిన ‘మూన్‌లిట్ వింటర్’. దర్శకుడు లిమ్ డే హ్యుంగ్. ఇవాయ్ కథ నడిచిన ఆ ఒటారులోనే, అదే మంచులో, జున్ అనే స్త్రీ నివసిస్తున్నది. కొరియాలో ఉన్న యున్ హీ అనే స్త్రీని ఆమె యౌవనంలో ప్రేమించినది; ఇద్దరినీ లోకం విడదీసినది. జున్ ఎన్నో ఏండ్లుగా ఆమెకు ఉత్తరాలు వ్రాస్తూ, ఒక్కటీ పంపకుండా ఉంటుంది. ఆమెతో కలిసి ఉండే మేనత్త, ముసలావిడ, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మంచు ఎప్పుడు తెరిపి ఇస్తుందో అని గొణుక్కొంటూ ఉంటుంది. ఒకనాడు ఆమె బల్లమీద పడి ఉన్న ఉత్తరం చూస్తుంది. ఎవరినీ అడగదు. తీసుకొనిపోయి తపాలాపెట్టెలో వేసి వస్తుంది.