దిగులు మనసుదేనా?

పొద్దున లేవబుద్ధి కాదు. ఏ పని మీదా ఆసక్తి ఉండదు. పిల్లల కబుర్లు కూడా చిరాకు తెప్పిస్తాయి. రెండు వారాలు దాటినా ఇలాగే ఉంటే డిప్రెషన్ కావచ్చంటారు వైద్యులు. అయితే కారణం ప్రతిసారీ మనసులోనే ఉండాలని లేదు. రక్తంలో ఖనిజాల హెచ్చుతగ్గులు కూడా అచ్చం ఇలాంటి లక్షణాలే తెచ్చిపెడతాయి.

కాల్షియం: మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి. అవే పారాథైరాయిడ్లు. రక్తంలో కాల్షియాన్ని అదుపులో ఉంచే పని వీటిదే. ఒకదానిలో కంతి ఏర్పడినా హార్మోన్ ఎక్కువై ఎముకల్లోని కాల్షియం రక్తంలోకి చేరుతుంది. డెసిలీటరుకు సుమారు 8.5-10.5 మిల్లీగ్రాములు ఉండాల్సింది అంతకు మించిపోతుంది. దిగులు, మతిమరుపు, మలబద్ధకం, అతిదాహం, కిడ్నీలో రాళ్లు కనిపిస్తాయి. ముట్లుడిగిన స్త్రీలలో ఈ సమస్య ఎక్కువ. 'వయసైపోయింది కదా' అని సరిపెట్టుకుంటారు. కాల్షియంతోపాటు పారాథార్మోన్ పరీక్ష చేస్తే గుట్టు తెలుస్తుంది. ఆపరేషన్‌తో కంతి తీసేశాక చాలామందిలో మనసూ తేలికపడుతుంది.

ఇనుము: మెదడులో డోపమైన్, సెరటోనిన్ తయారవడానికి ఇనుము కావాలి. అది తగ్గితే అలసట, ఏకాగ్రత లోపం, నిరాసక్తత వస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఇనుము నిల్వలు తరిగిపోయి ఉండొచ్చు. ఫెర్రిటిన్ పరీక్ష ఆ సంగతి చెబుతుంది.

సోడియం: పెద్దవాళ్లు ఉన్నట్టుండి మందకొడిగా, అయోమయంగా మారితే సోడియం చూడాలి. అది లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే తగ్గకూడదు. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే బీపీ మాత్రలతోనూ, కొన్ని డిప్రెషన్ మందులతోనూ ఇది పడిపోవచ్చు.

మెగ్నీషియం సంగతి వేరు. శరీరంలోని మెగ్నీషియంలో రక్తద్రవంలో ఉండేది ఒక శాతం లోపే. అందుకే రిపోర్టు బాగున్నా లోపం లేదని కచ్చితంగా చెప్పలేం.

అలాగని అన్నిటికీ ఖనిజాలే కారణమనుకోవద్దు. పరీక్షలన్నీ సరిగా ఉన్నా డిప్రెషన్ ఉండొచ్చు. అది నటనా కాదు, బలహీనతా కాదు. సొంతంగా కాల్షియం, ఐరన్ మాత్రలు మింగడం, వాడుతున్న మందులు ఆపేయడం రెండూ ప్రమాదమే. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఏ రిపోర్టు కోసమూ ఆగొద్దు. వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పాలి, డాక్టరును కలవాలి. టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు.