ముండ్ల పురుగునకు నామకరణము

సెయింటు హెలీనా అనగానే చరిత్ర పాఠము చదివిన విద్యార్థికి నెపోలియను జ్ఞప్తికి వచ్చును. 1815లో ఆంగ్లేయులు ఆయనను అచ్చట బంధించిరి. 1821లో అచ్చటనే ఆయన మరణించెను. దక్షిణ అట్లాంటికు సముద్రమధ్యమున, ఆఫ్రికా తీరమునకు సుమారు 1,900 కిలోమీటర్ల దూరమున, అగ్నిపర్వతమువలన ఏర్పడిన ఆ కొండలదీవి వైశాల్యము 122 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మన దేశమునుండి స్వదేశమునకు మరలు ఈస్టిండియా కంపెనీ ఓడలు మంచినీటికై అందు ఆగుచుండెడివి. చక్రవర్తికి చెరసాలయైన ఆ దీవి ఒక అల్పప్రాణికి లోకమున ఉన్న ఒకే యొక్క నివాసము. ఆ ప్రాణికి 1977 వరకు శాస్త్రమున పేరు లేదు.

పూలకుండి నెత్తినప్పుడు, కుళ్ళిన దుంగను దొరలించినప్పుడు, క్రింది తడిమన్నులో బూడిదవన్నె చిన్న జీవులు వడివడిగ చెదరిపోవుట పిల్లలు చూచినదే. కొన్ని తాకగానే బంతివలె చుట్టుకొనును. పెద్దలు పురుగని తోసివేయుదురు. నిజమునకు అది కీటకము కాదు; రొయ్యకు, పీతకు జ్ఞాతి. కీటకమునకు ఆరు కాళ్ళు, దీనికి పదునాలుగు. పూర్వులు సముద్రము విడిచి నేల కెక్కినను ఇది పాత అలవాటును పూర్తిగ మానలేదు. తడి లేనిచో బ్రతుకజాలదు. తల్లి గ్రుడ్లను నేలపై పెట్టక, తన శరీరము క్రింది సంచిలో తేమ నడుమ మోయును. కాళ్ళన్నియు ఒకే తీరుగ నుండుటచే శాస్త్రజ్ఞులు ఈ వర్గమును ఐసోపాడులనిరి.

సెయింటు హెలీనా జీవి వీనిలో విలక్షణమైనది. దాని వన్నె పసుపు. వీపంతయు పొడవైన ముండ్లు. ద్వీపశిఖరమున మేఘములు తాకు అడవిలో, మ్రానువలె పెరుగు ఫెర్నులమీదను, ప్రొద్దుతిరుగుడు కుటుంబమున పుట్టియు చెట్టుగ ఎదిగిన నల్ల క్యాబేజి ఆకులమీదను సంచరించును. 1965-67 నడుమ బెల్జియము పరిశోధకులు ఆ దీవి జంతుజాలమును సేకరించిరి. ఆ గ్రంథమాల 1977 సంపుటమున ఫ్రెంచి ప్రాణిశాస్త్రజ్ఞుడు ఆల్బర్టు వాండెల్ ఈ జాతిని వర్ణించెను. అప్పటికి ఆయన వయస్సు ఎనుబది దాటినది.

ఈ వర్ణనకు కావ్యవర్ణనతో పేరొక్కటే పోలిక. కవి చంద్రముఖి యన్నచో రసికుడు తృప్తిపడును. ముక్కు ఎంత పొడవని అడుగడు. ఇచ్చట అడుగవలెను. ముండ్లు ఎన్ని, ఏ ఖండముపై ఏ వరుసన ఉన్నవి, స్పర్శశృంగములందు ఎన్ని కణుపులు, దౌడల అంచు ఎట్టిది అని సూక్ష్మదర్శినిక్రింద చూచి బొమ్మ గీయవలెను. పైకి కవలలవలె కనబడు రెండు జాతులకు మగదాని ఉదరముక్రింది చిన్న ఉపాంగముల ఆకృతిలోనే భేదము తేలుట కలదు. పిదప ఒక ప్రతిని ఆదర్శముగ నిర్ణయించి మ్యూజియమున భద్రపరతురు. సందేహము కలిగిన ప్రతి పండితుడును, పాఠభేదము వచ్చినచో మూలప్రతిని విప్పినట్లు, దానినే చూడవలెను.

1992లో ఈ జాతి వేరొక ప్రజాతిలో చేరి సూడోలారియోలా అట్లాంటికా అయినది. అయినను వాండెల్ పేరు తొలగలేదు, కుండలీకరణములలో నిలిచినది. మొదట చెప్పినది ఈయన, ప్రజాతిని మార్చినది తరువాతివారు అని ఆ రెండు గీతలే తెలుపును. ఇంత నిజాయితీ సాహిత్యచరిత్రలలో అరుదు.

ఇంతచేసి ఒక పురుగునకు పేరు పెట్టినందున ఒరిగినదేమి యను ప్రశ్న తరగతిలో తప్పక వచ్చును. సమాధానము ఆ దీవి చరిత్రయందే ఉన్నది. 1502లో పోర్చుగీసువారు దానిని కనుగొనిరి. వారు విడిచిన మేకలు మొలకలను మేసినవి. మనుష్యులు వంటచెరకునకై చెట్లు నరికిరి. ఆపై న్యూజీలాండునుండి నారమొక్క వచ్చినది. బ్రిటిషు తపాలావారి మూటలు కట్టు దారమునకై కొండచరియలు దానితో నిండినవి. 1966లో ఆ పరిశ్రమ మూతపడినది గాని మొక్క కొండను విడువలేదు. పటకారువంటి తోక గల ఒక మహాకీటకము, ఎనిమిది సెంటీమీటర్ల వరకు పెరుగునది, ఆ దీవిలోనే ఉండెడిది. దానికి 1798లోనే పేరు పెట్టిరి. 1967 తరువాత ప్రాణముతో ఎవరికిని కనబడలేదు. 2014లో అంతరించినట్లు ప్రకటించిరి. దానికి పేరైనను మిగిలినది. శాస్త్రజ్ఞుడు అడుగిడుటకు ముందు రెండు మూడు శతాబ్దులలో మేకలనోట, గొడ్డలిక్రింద పోయినవానిని లెక్కించు ఉపాయమే లేదు.

పేరున్నది గనుకనే ముండ్ల జీవి అంతర్జాతీయ ఎఱ్ఱపట్టిక కెక్కినది. గనుకనే వెదకువారు కలిగిరి. ఉపాధ్యాయులు పిల్లలచే ఒక పూలకుండి నెత్తించి, కనబడిన జీవిని ఒక్క ఉపమానమైనను లేక నాలుగు వాక్యములలో వ్రాయించిన, ఆ పని ఎంత కష్టమో పిల్లలకు తెలియును. అది తెలుగు పాఠము కూడ అగును.

నూరింటికి లోపుగనే మిగిలియుండునని సంరక్షకులు ఒక దశలో భయపడిరి. తరువాత అతినీలలోహిత కిరణముల దీపములతో రాత్రివేళ అడవిలో వెదకిరి. ఆ వెలుగు సోకినచో దాని దేహము మెరయును. పగటివేళ ఆకుల నడుమ దాగినవి చీకటిలో తమంతట తామే కంటబడును. ఇప్పుడు శిఖరమున నారమొక్కలను పెరికి ఫెర్నులను, నల్ల క్యాబేజి మొక్కలను మరల నాటుచున్నారు.