బుల్లి ట్రాక్టరు వయసెంత?

తాతగారు పోయాక షెడ్డు తలుపు తీశారు. పాత బకెట్లు, తుప్పు పట్టిన పారలు, వాటి వెనక టార్పాలిన్ కప్పుకుని ఓ చిన్న ట్రాక్టరు. ఆకుపచ్చ రంగు వెలిసిపోయింది. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. మనవడికి మాత్రం దాన్ని చూడగానే తాత ఒళ్లో కూర్చుని స్టీరింగు పట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఎలాగైనా మళ్లీ నడిపించాలనుకున్నాడు. విడిభాగాల దుకాణానికి ఫోన్ చేశాడు. అవతలి నుంచి మొట్టమొదటి ప్రశ్న... ‘ఏ సంవత్సరం మోడల్?’

‘తాత 63లో కొన్నాడని నాన్న చెబుతుండేవాడు’ అన్నాడు మనవడు. ‘నాన్న చెప్పింది కాదు బాబూ, బండి ఏం చెబుతోందో చూడు’ అన్నాడు దుకాణదారు.

అమెరికా పల్లెల్లో, ఊరి శివార్లలో ఇలాంటి సన్నివేశం కొత్తేమీ కాదు. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్ల పక్కన నిలబెడితే బొమ్మలా కనిపించే ఈ గార్డెన్ ట్రాక్టర్లు 1960లలో అక్కడి పెరళ్లను ఏలాయి. గడ్డి కోయడం, కూరగాయల మడి దున్నడం, చలికాలంలో వాకిట్లో మంచు తోయడం... అన్నీ అవే. తొలినాళ్లలో వాటి ఇంజిన్ శక్తి ఏడెనిమిది హార్స్‌పవరే. ఇప్పుడవి పాత వస్తువుల ప్రియులకు ముద్దుబిడ్డలు. అందుకే వాటి పుట్టిన ఏడాదికి అంత విలువ.

ఆర్సీ బుక్కు ఉండదు మరి!

మన దగ్గర ట్రాక్టరు వయసు తెలుసుకోవడం ఎంతసేపు? ఆర్సీ తీస్తే తయారైన నెలతో సహా ఉంటుంది. పెరట్లో తిరిగే ఈ బుల్లి ట్రాక్టరు రోడ్డెక్కదు కాబట్టి దానికి రిజిస్ట్రేషన్ గొడవే లేదు. కొన్నప్పటి రసీదు ఏ డ్రాయరు సొరుగులోనో చెదలు పట్టిపోయి ఉంటుంది. ఇక మిగిలింది బండి ఒక్కటే. దాని ఒంటి మీదున్న గుర్తులే సాక్షులు.

మొదట వెతకాల్సింది సీరియల్ నంబరు. చట్రం పక్కనో, సీటు కిందో, డ్యాష్‌బోర్డు దగ్గరో ఓ చిన్న రేకు బిళ్ల మీద ఉంటుంది. ఆ నంబరుంటే సగం పని అయినట్టే. ఉదాహరణకు విస్కాన్సిన్ రాష్ట్రంలోని హోరికాన్ ఫ్యాక్టరీలో జాన్ డీర్ కంపెనీ తయారుచేసిన ‘110’ మోడల్‌నే తీసుకోండి. అది మార్కెట్లోకి వచ్చింది 1963లో. ఆ ఏడాది బళ్ల నంబర్లు 2550తో మొదలై 3550 దగ్గర ఆగుతాయి. అంటే తొలి ఏడాది దాదాపు వెయ్యి బళ్లే. 1964 బళ్లు 3551 నుంచి 15000 వరకు. ఇప్పుడర్థమైందిగా, ‘ఇది 63 మోడలండీ’ అనే మాటకు ఎందుకంత గిరాకీయో!

బిళ్ల మీద అంకెలు అరిగిపోతే? ఆర్టీఏ ఆఫీసు దగ్గర ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దించేవాళ్లు గుర్తున్నారా? ఆ చిట్కా ఇక్కడా పనికొస్తుంది. కంటికి కనిపించని అంకె కాగితం మీద తేలుతుంది. టార్చిలైటును పక్క నుంచి వేసినా నీడల్లో అంకెలు లేస్తాయి.

మోడల్ పేరులోనే ఏడాది

కొన్ని కంపెనీలు వయసును పేరులోనే దాచిపెట్టాయి. ఇండియానా రాష్ట్రంలోని సౌత్‌బెండ్‌లో పాండ్ కుటుంబం స్థాపించిన వీల్‌హార్స్ అలాంటిదే. ఆ ఎర్ర ట్రాక్టర్ల మీద 1960లలో 701, 702, 854, 1054 లాంటి నంబర్లుండేవి. మొదటి అంకె హార్స్‌పవరు, చివరి అంకె ఏడాది. 701 అంటే ఏడు హార్స్‌పవర్ల ఇంజినుతో 1961లో వచ్చింది. 854 ఎనిమిది హార్స్‌పవర్లది, 1964 నాటిది. 1054 పది హార్స్‌పవర్లది, అదే ఏడాదిది.

భలే సులువు కదా అని అన్నిటికీ ఇదే సూత్రం అతికించబోతే బోర్లా పడతారు. అదే కంపెనీ అంతకుముందు చేసిన ఆర్‌జే-58 నిజంగానే 1958 బండి. కానీ ఆర్‌జే-35 మాత్రం 1935 బండి కాదు! అక్కడ 35 అంటే మూడున్నర హార్స్‌పవర్లు. అసలు కంపెనీ పుట్టిందే 1946లో. ఇక 1960ల చివర్లో ఛార్జర్, రైడర్ లాంటి పేర్లు వచ్చాక అంకెల చిట్కా చెల్లదు.

ఇంజిన్ చెప్పే జాతకం

బిళ్ల ఊడిపోయిన బండికి తర్వాతి సాక్షి ఇంజిన్. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజిన్ అయితే పండగే. దాని మీద మోడల్, టైప్‌లతో పాటు కోడ్ అని మరో నంబరు ఉంటుంది. 72051503 అని ఉందనుకోండి. 72 ఏడాది, 05 నెల, 15 తేదీ. అంటే ఆ ఇంజిన్ పుట్టినరోజు 1972 మే 15 అన్నమాట! టెకుమ్సే ఇంజిన్‌ది మరో పద్ధతి. 5123 అని ఉంటే, 5తో ముగిసే ఏడాదిలో 123వ రోజు, అంటే మే 3. ఆ ఏడాది 1965 కావచ్చు, 1975 కావచ్చు. పదేళ్ల తేడాను మిగతా గుర్తులే తేల్చాలి.

కోలర్ ఇంజిన్ల మీద స్పెసిఫికేషన్ నంబరని ఒకటుంటుంది. ఆ ఇంజిన్ ఏ ట్రాక్టరు కంపెనీ ఆర్డరు కోసం తయారైందో దాంతో పట్టుకోవచ్చు.

ఇక్కడో మెలిక. అరవై ఏళ్ల బండికి ఇంజిన్ మార్చి ఉండరని నమ్మకమేంటి? పక్కింటి బండి పాడైతే దాని ఇంజిన్ తెచ్చి దీనికి బిగించడం రైతు ఇంట్లో మామూలే. అందుకే ఇంజిన్ తేదీ ఇంజిన్‌దే, బండిది కాదు. రెండూ ఒకే మాట చెబితే సంతోషం. చెప్పకపోతే మూడో సాక్షిని పిలవాల్సిందే.

మడ్‌గార్డులు అబద్ధమాడవు

ఆ మూడో సాక్షి బండి రూపం. జాన్ డీర్ 110 వెనక చక్రాల మీది మడ్‌గార్డులు గుండ్రంగా ఉంటే అది 1963 నుంచి 1967 మధ్యది. పలకలుగా ఉంటే 1968 నుంచి 1974 మధ్యది. గుండ్రటివాటిలోనూ తొలి ఏడాది బండిని పట్టుకోవడానికి ఇంజిన్ సాయం చేస్తుంది. 1963లో ఏడు హార్స్‌పవర్ల కోలర్ కె161 పెట్టారు. 1964 నుంచి ఎనిమిది హార్స్‌పవర్ల కె181 వచ్చింది.

రంగు కూడా ఓ గుర్తే. జాన్ డీర్ అంటే ఆకుపచ్చే అనుకుంటారంతా. కానీ 1969 నుంచి 1971 వరకు ప్యాటియో సిరీస్ పేరుతో తెల్లటి ఒళ్లు, దాని మీద ఎరుపు, నారింజ, పసుపు, నీలం రంగుల్లో బానెట్లు, సీట్లతో ట్రాక్టర్లు అమ్మింది. అవంటే సేకర్తలకు మహా మోజు. మోజున్న చోట మోసమూ ఉంటుంది. మామూలు బండికి నీలం రంగు కొట్టి అమ్మజూపేవాళ్లూ తగలొచ్చు. కాబట్టి బానెట్ పైన కాదు, లోపల చూడాలి. సీటు బోల్టుల కింద, బిళ్ల వెనక, ఎండ తగలని మూలల్లో అసలు రంగు దాక్కుని ఉంటుంది.

రంగు కొట్టేముందు ఆగండి!

పాత బండి చేతికొచ్చిన ఉత్సాహంలో చాలామంది చేసే మొదటి పని... వైర్ బ్రష్ పట్టుకుని గీకేయడం. లేదా ఇసుక బ్లాస్టింగుకు ఇచ్చేయడం. తుప్పుతోపాటు స్టిక్కర్లు, అంకెలు, అసలు రంగు పొరలు కూడా పోతాయి. సాక్షులందరినీ మన చేత్తోనే తుడిచేశాక ఏడాది చెప్పేదెవరు? అందుకే అనుభవజ్ఞుల మాట ఒక్కటే. ముందు ఫొటోలు, తర్వాతే బ్రష్షు. ప్రతి నంబరునూ ఓ పుస్తకంలో రాసుకోవాలి. నాలుగైదు గుర్తులు ఒకే ఏడాది దగ్గర కలిస్తేనే ఆ ఏడాదిని నమ్మాలి.

ఇదంతా సరదా కోసమే అనుకుంటే పొరపాటే. కంపెనీల పార్టుల పుస్తకాల్లో ‘ఫలానా నంబరు వరకు ఈ భాగం, ఆపైన మరో భాగం’ అని ఉంటుంది. ఏడాది తప్పితే పార్టు తప్పుతుంది, డబ్బూ పోతుంది. కొనేవాడైతే మామూలు బండికి తొలి ఏడాది బండి ధర పోసి నిండా మునుగుతాడు. అమెరికాలో పాత ఇల్లు కొని, షెడ్డులో ఇలాంటి ట్రాక్టరు కూడా దక్కించుకునే మనవాళ్లూ దాన్ని పాతసామాను కింద తోలేముందు ఒకసారి సీటు కింద చూడటం మంచిది.

ఇంతకీ మనవడి సంగతేమైంది?

పెన్సిల్ రుద్దితే కాగితం మీద తొమ్మిది వేల పైచిలుకు అంకె తేలింది. ఇంజిన్ చూస్తే కె181. మడ్‌గార్డులు గుండ్రటివి. ముగ్గురు సాక్షులూ ఒకే మాట... 1964. నాన్న నోట విన్న 63 కాదన్నమాట. తాత మాట తప్పో, నాన్న జ్ఞాపకం ఓ ఏడాది జారిందో ఇప్పుడు తేల్చేవాళ్లు లేరు. తాత ఒళ్లో కూర్చున్న ముచ్చట మాత్రం ఆ ఏడాది తేడాతో ఏమీ తరిగిపోదు. ఇంట్లో ఉంచుకుంటే ఏ ఏడాదైనా అది తాత ట్రాక్టరే. ఎప్పుడైనా అమ్మాల్సివస్తే మాత్రం బోర్డు మీద 1964 అనే రాయాలి.

బండి అబద్ధం చెప్పలేదు. దాని తరఫున మనమూ చెప్పకూడదు!